జర్మనీలో ఖాళీ ఫ్లాట్: పొయ్యి లేదు, లైట్లు లేవు, కిటికీ మూలల్లో నల్లటి మచ్చలు. ముందు ఏది చూసుకోవాలి?

స్టుట్‌గార్ట్ కొత్తకాపు:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే విజయవాడ నుంచి స్టుట్‌గార్ట్ వచ్చాం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప. కంపెనీ ఇచ్చిన వసతి గడువు దగ్గర పడడంతో దొరికిన ఫ్లాట్ తీసుకున్నాం. తాళాలు చేతికొచ్చి లోపలికి వెళ్తే వంటగదిలో పొయ్యి లేదు, సింకు లేదు, ఒక్క అలమర లేదు. గోడలోంచి నీళ్ల పైపు, మురుగు పైపు, నేలకు దగ్గరగా ఓ పెద్ద కరెంటు డబ్బా, అంతే. ప్రతి గదిలో సీలింగ్ నుంచి మూడేసి వైర్లు వేలాడుతున్నాయి. పాలు పొంగిద్దామంటే చిన్న కరెంటు ప్లేటు కొనుక్కొచ్చి నేల మీద పెట్టి పొంగించాం.

అది సర్దుకోవచ్చు గానీ, బెడ్‌రూమ్ కిటికీ మూలల్లో, మంచం వెనక గోడ కింద నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. పొద్దున్నే అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి. పాపకు దగ్గు కూడా వస్తోంది, అందుకే టెన్షన్. వంటగది ఎలా కట్టించుకోవాలి? మన మిక్సీ ఇక్కడ పనిచేస్తుందా? దేవుడి అరకు గోడకు డ్రిల్లు వేయొచ్చా? మార్చిలో మా అత్తగారు వస్తున్నారు, బాత్రూమ్‌లో హెల్త్ ఫాసెట్ లేదు. డబ్బు చూసుకుని ఖర్చు పెట్టాలి, కాబట్టి ఏది ముందో, ఏది తర్వాతో చెప్పండి.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

ముందు కాగితాలు బ్రదర్. తాళాలిచ్చిన రోజు యూబర్‌గాబె ప్రోటోకోల్ రాశారా? ఇంట్లో ఏది ఎలా ఉందో ఇద్దరూ సంతకం పెట్టే కాగితం అది. ఆ నల్ల మచ్చలు అందులో లేకపోతే ఇవాళే ఫోటోలు తీసి ఓనరుకు మెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్తే చాలనుకోవద్దు. ఇక్కడ రాసిందే లెక్క. కరెంటు, హీటింగ్, నీళ్ల మీటర్ల రీడింగ్ కూడా ఫోటో తీసుకోండి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అన్‌మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో చిరునామా నమోదు, చేయించుకోవాలి, దానికి ఓనరు సంతకం పెట్టిన ధ్రువీకరణ కాగితం కావాలి. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటె, అంటే హీటింగ్ వగైరా కలపని అద్దె, దానికి మించకూడదు. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. వంటగదికి డబ్బు కావాలి కదా, ఆ వెసులుబాటు వాడుకోండి. టీవీ లేకపోయినా ఇంటికొకటి చొప్పున నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము ఉత్తరం వస్తుంది. మోసం అనుకుని చింపేయకండి, అది నిజమైనదే.

మ్యూనిక్ అక్క:

తమ్ముడూ, నేను సివిల్ ఇంజినీర్ని, పాత ఇళ్ల మరమ్మతుల పనిలోనే ఉంటాను. నన్నడిగితే వంటగది కన్నా ముందు ఆ గోడ సంగతి చూడు. ఆ నల్ల చుక్కలు చెమ్మకు పట్టే బూజు. సోఫా నెల ఆగి కొనుక్కోవచ్చు. నెమ్ము ఆగదు.

మనూళ్లో కిటికీలు రోజంతా తీసే ఉంటాయి, చెమ్మ దానంతటదే పోతుంది. ఇక్కడి కిటికీలు మూస్తే చీమ కూడా దూరదు. నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానం, వంట, ఆరేసిన బట్టలు అన్నీ కలిపి రోజుకు 10 లీటర్ల దాకా నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. మనం కుక్కర్ పెడతాం, పప్పు ఉడికిస్తాం, ఇడ్లీ పెడతాం, ఇంకాస్త ఎక్కువే అనుకో. ఆ ఆవిరి ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటు వెతుక్కుని నీరవుతుంది. బయటి గోడ మూల, కిటికీ అంచు, మంచం వెనక గాలి ఆడని చోటు అవే. నువ్వు చెప్పిన చోట్లు సరిగ్గా అవే.

ఇప్పుడు చేయాల్సింది. రోజుకు మూడు నాలుగు సార్లు కిటికీలు పూర్తిగా తెరువు, వీలైతే ఎదురెదురువి రెండూ. చలికాలంలో ఐదు నుంచి పది నిమిషాలు చాలు. ఆ కాసేపు హీటర్ తగ్గించు. పొద్దున లేవగానే ఒకసారి, వంటయ్యాక, స్నానాలయ్యాక తప్పనిసరి. కిటికీని పైనుంచి కొంచెం వంచి గంటల తరబడి వదిలేయడం మాత్రం వద్దు. గాలి సరిగా మారదు, కిటికీ చుట్టూ గోడ చల్లబడి అక్కడే మచ్చ మొదలవుతుంది. బయట వర్షం పడుతోంది, చెమ్మ లోపలికొస్తుందేమో అని మనవాళ్లు కిటికీ మూసేస్తారు. చలిగాలిలో నీటి ఆవిరి తక్కువే ఉంటుంది. అది లోపలికొచ్చి వేడెక్కాక ఇంట్లో చెమ్మను పీల్చుకుంటుంది. వర్షమైనా తెరువు.

డబ్బు ఆదా అని బెడ్‌రూమ్ హీటర్ ఆపేసి, రాత్రి హాలు తలుపు తీసి ఆ వెచ్చదనం అటు పంపిస్తుంటారు చాలామంది. హాల్లోని చెమ్మ అంతా చల్లటి గోడ మీదికి చేరవేయడమే అది. తలుపు మూసి, ఏ గదికా గది వేడి చేసుకోండి. హీటర్ తిప్పే మర మీద 3 అంకె అంటే దాదాపు 20 డిగ్రీలు, 2 అంటే 16. పాప పడుకునే గదిని మరీ చల్లబడనీయకు. మంచం, బీరువా బయటి గోడకు కనీసం అరచేతి వెడల్పు దూరం జరుపు.

గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొను, పది పదిహేను యూరోలకు వస్తుంది. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే సరే. 60 దాటి గంటల తరబడి నిలబడితే కిటికీలు తీసే పద్ధతి మార్చాలి.

ఉన్న మచ్చల విషయానికొస్తే, ముందు ఫోటోలు, ఓనరుకు మెయిల్, ఆ తర్వాతే తుడవడం. చిన్న మచ్చలకు ఫార్మసీలో దొరికే 70, 80 శాతం ఆల్కహాల్ గుడ్డకు పెట్టి తుడువు. స్ప్రే కొట్టకు. కిటికీలు తీసి, చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు పెట్టుకుని చెయ్యి. దరిదాపుల్లో దీపం, అగరుబత్తి, సిగరెట్ ఏవీ ఉండకూడదు, భగ్గుమంటుంది. పాపను వేరే గదిలో ఉంచు. వెనిగర్ రాయమని యూట్యూబ్‌లో చెప్తారు, సున్నం కలిసిన గోడ మీద దాని బలం ఏమీ మిగలదు. అర చదరపు మీటరు కన్నా పెద్దదైతే, లేదా తుడిచాక మళ్లీ మళ్లీ వస్తుంటే నీ చేతిలో పని కాదు. దగ్గు తగ్గకపోతే పిల్లల డాక్టరుకు గోడ ఫోటో కూడా చూపించు.

లైప్‌జిగ్ నుంచి:

వంటగది గురించి నేను చెప్తాను. ఇక్కడ చాలామంది ఖాళీ చేసేటప్పుడు కిచెన్ మొత్తం ఊడదీసుకుని పోతారు, మీ ఓనరు ప్రత్యేకంగా చేసిందేమీ కాదు. కొత్తది ఆర్డరిస్తే వారాలు పడుతుంది, వేల యూరోలు. పాత వస్తువుల యాప్‌లో మీ ఊరు పెట్టి వెతకండి, ఇల్లు మారేవాళ్లు సింకు, పొయ్యి, అలమరలు కలిపి బాగా తక్కువకే ఇచ్చేస్తారు. కాకపోతే ఊడదీసి మోసుకెళ్లడం మన పని. కొనే ముందు గోడ కొలతలతో పాటు నీళ్ల పైపు ఎటువైపు ఉందో చూసుకోండి. ఎడమవైపు సింకున్న సెట్టు కొని, పైపు కుడివైపుంటే మళ్లీ ఖర్చే.

ఆ పెద్ద కరెంటు డబ్బా పొయ్యిది, అందులో మూడు ఫేజ్‌లు, 400 వోల్టులు ఉంటాయి. మనమే కలిపేద్దామని చూడొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బిల్లు తీసుకోండి. సీలింగ్ లైట్లు మాత్రం చాలామంది సొంతంగానే పెట్టుకుంటారు. బోర్డులో ఆ గది బ్రేకర్ దించి, టెస్టరుతో చూసి మరీ ముట్టుకోవాలి. కొత్త ఇళ్లలో గోధుమ లేదా నలుపు రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు ఎర్త్. పాత బిల్డింగుల్లో ఈ రంగుల్ని నమ్మడానికి లేదు.

మిక్సీ హాయిగా తెచ్చుకోండి. ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్‌జే. గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం పట్టదు, ఎర్త్ ఉన్న అడాప్టర్ కొనండి. ఎయిర్‌పోర్టుల్లో అమ్మే చవక రకాల్లో చాలావాటికి ఎర్త్ ఉండదు. ఇండక్షన్ పొయ్యి కొంటే మన అల్యూమినియం కుక్కర్, ఇడ్లీ పాత్ర పనికిరావు. అడుగున అయస్కాంతం అంటుకుంటేనే వేడెక్కుతాయి. గాజు పలకతో మామూలు కరెంటు పొయ్యి అయితే అడుగు చదునుగా ఉంటే చాలు.

పొయ్యి పైన పెట్టే చిమ్నీ చాలా ఫ్లాట్లలో గాలిని బయటికి పంపదు, వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. తిరగమోత వాసనకు అందులో బొగ్గు ఫిల్టర్ ఉండాలి, మార్చుతూ ఉండాలి. ఆవిరి మాత్రం అక్కడే ఉంటుంది, పైన అక్క చెప్పినట్టు కిటికీ తీయాల్సిందే.

స్టుట్‌గార్ట్ కొత్తకాపు:

అందరికీ థాంక్యూ. మీటరు కొన్నాను. రాత్రి పడుకునేటప్పుడు 58, పొద్దున 71! బట్టల స్టాండు బెడ్‌రూమ్‌లోనే ఉంది, దాన్ని తీసేస్తున్నాం. వంటగదికి ఒక పాత సెట్టు చూశాం, పైపు వైపు సరిపోయింది. ఇక హెల్త్ ఫాసెట్, దేవుడి అర సంగతి చెప్పండి.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి:

ఫాసెట్‌కి అంత ఆలోచనెందుకు? ఆన్‌లైన్లో కిట్టు దొరుకుతుంది. ఫ్లష్ ట్యాంకుకు నీళ్లు వెళ్లే మూల కుళాయి దగ్గర T ఆకారం పైపు ముక్క బిగిస్తే అయిపోతుంది. వెళ్లేటప్పుడు విప్పేయొచ్చు.

మ్యూనిక్ అక్క:

ట్యాంకు గోడ లోపలుంటే ఆ మూల కుళాయి బయటికి కనిపించదు, ఇక్కడ కొత్త బాత్రూమ్‌లు చాలావరకు అలాంటివే. పైగా టాయిలెట్ పక్కన వేలాడే స్ప్రేలోంచి నీళ్లు వెనక్కి తాగునీటి పైపులోకి పోకుండా కట్టుదిట్టం ఉండాలని ఇక్కడ నియమాలున్నాయి. అందుకే ప్లంబర్‌తో పెట్టించు, ఓనరు ఒప్పుకున్నట్టు మెయిల్ తీసుకో. ఒకవేళ పెట్టాక, వాడిన ప్రతిసారీ వాల్వు కట్టేయాలి. స్ప్రే మీట ఒక్కటే ఆపితే గొట్టంలో ప్రెషర్ అలాగే ఉంటుంది. అర్ధరాత్రి అది పగిలితే కింది ఇంటి సీలింగ్ తడుస్తుంది. మన వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్, అద్దె ఇంటికి జరిగే నష్టం కూడా కలిసినది, ఇప్పటిదాకా లేకపోతే ఈ వారమే తీసుకో.

మీ అత్తగారికి అప్పటిదాకా ఫార్మసీలో దొరికే, చేత్తో నొక్కితే నీళ్లొచ్చే బాటిల్ ఇవ్వు. బకెట్, చెంబు స్నానం మాత్రం షవర్ తొట్టి లోపలే చేయమని ముందే చెప్పు. షవర్ బయట నేలకు నీళ్లు పోయే దారి సాధారణంగా ఉండదు. గడప కిందుగా హాల్లోకి పాకి చెక్క నేల ఉబ్బిపోతుంది, ఆ ఖర్చు మన మీదే పడుతుంది.

లైప్‌జిగ్ నుంచి:

దేవుడి అరకు మామూలుగా పట్టేన్ని కన్నాలు వేయడానికి ఓనరు అడ్డు చెప్పలేడు, ఖాళీ చేసేటప్పుడు పూడ్చి ఇవ్వమంటాడు. స్విచ్చులు, సాకెట్ల నుంచి నిట్టనిలువుగా, అడ్డంగా వైర్లు పోతాయి. వాటికి సరిగ్గా పైన, కింద, పక్కన డ్రిల్లు పెట్టొద్దు. తట్టి చూడండి, బోలుగా మోగితే జిప్సమ్ బోర్డు, దానికి స్క్రూ పట్టించే ప్లగ్గులు వేరే ఉంటాయి. ఆదివారం డ్రిల్లు పట్టుకుంటే మాత్రం పక్కింటివాళ్లు తలుపు కొడతారు, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా కూడా అంతే. మీది స్టుట్‌గార్ట్ కదా, మెట్లు తుడిచే వంతు బోర్డు మీ తలుపుకు తగిలించి ఉంటే అది అలంకారం కాదు, ఈ వారం మీదే. దీపం, ధూపం పొగ డిటెక్టర్ కింద పెట్టకండి.

స్టుట్‌గార్ట్ కొత్తకాపు:

ఓనరు జవాబిచ్చాడు. "మీరు వంట ఎక్కువ చేస్తారు, గాలి సరిగా ఆడనివ్వరు, అందుకే బూజు" అని రాశాడు. కోపమొచ్చింది. ఈ నెల అద్దెలో కొంత కోసేద్దామనుకుంటున్నా.

మ్యూనిక్ అక్క:

కోసెయ్యకు. లోపం ఉంటే అద్దె తగ్గించుకునే హక్కు చట్టంలో ఉంది గానీ, ఎంత తగ్గించాలో నీకై నువ్వు తేల్చుకుని అది తప్పైతే అద్దె బకాయి అవుతుంది, పెరిగితే ఖాళీ చేయించే హక్కు వాళ్లకొస్తుంది. తగ్గింపు హక్కును వదులుకోకుండానే పూర్తి అద్దె కడుతున్నానని ఒక్క వాక్యం రాసి పంపి, ఎప్పటిలాగే కట్టు.

రెండు వారాల పాటు పొద్దున, రాత్రి మీటరు రీడింగ్, కిటికీలు తీసిన సమయాలు ఒక పుస్తకంలో రాయి. తేమ 55 లోపుండి, మంచం జరిపాక కూడా అదే మూలలో మచ్చ తిరిగొస్తే గోడలోనే లోపం ఉండొచ్చు. పైపు కారడమో, బయటి గోడకు చలి ఆపే పొర సరిగా లేకపోవడమో. ఆ పుస్తకం, ఫోటోలు పట్టుకుని మీ ఊరి మీటర్‌ఫెరైన్‌లో చేరు. అద్దెదారుల సంఘం అది, ఏడాది చందా కడితే ఇలాంటి తగాదాల్లో సలహా ఇస్తారు. ఓనరుకు గడువు పెట్టి రాసే ఉత్తరం ఎలా ఉండాలో వాళ్లనే అడుగు. అప్పటిదాకా ఆ గోడకు పెయింటు వేయకు, రుజువు పోతుంది.