వెజ్ కర్రీలో రొయ్యల పేస్టు: తప్పు ఆ చిన్న థాయ్ హోటల్‌దా, అడగని మనదా?

పల్నాడు_అబ్బాయి:
మా అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చి నెల అవుతోంది. ఇద్దరూ పుట్టు శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. మొన్న శనివారం డాలస్ శివార్లలో ఒక గ్రోసరీ షాపు పక్కనున్న చిన్న థాయ్ హోటల్‌కి తీసుకెళ్ళాను. భార్య వంట చేస్తుంది, భర్త కౌంటర్లో ఉంటాడు, కాలేజీకెళ్ళే కూతురు టేబుళ్ళు చూసుకుంటుంది. మెనూలో టోఫూ (సోయా పన్నీరు) గ్రీన్ కర్రీ పక్కన ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది. అది చూసే ఆర్డర్ ఇచ్చాను. నాన్నకి ఎంత నచ్చిందంటే మళ్ళీ అన్నం అడిగి మరీ తిన్నారు.

బిల్లు కట్టేటప్పుడు, కర్రీ చాలా బాగుంది, పేస్టు మీరే చేస్తారా అని అడిగాను. ఆ అమ్మాయి సంతోషంగా, అమ్మే నూరుతుందని చెప్పి ఏమేం వేస్తారో వరసపెట్టి చెప్పింది. పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, వెల్లుల్లి, కొత్తిమీర వేళ్ళు, చివర్లో రొయ్యల పేస్టు. నాన్న పక్కనే ఉన్నారు. ఆయనకి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. కారులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి తలస్నానం చేశారు, రాత్రి భోజనం మానేశారు.

ఆకు బొమ్మ పెట్టి రొయ్యలు తినిపించడం మోసం కాదా? గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చి జరిగింది జరిగినట్టు రాయాలనుకుంటున్నాను. మా ఆవిడ వద్దంటోంది. మీరేమంటారు?

కాకినాడ_కాజా:
రాయండి బ్రదర్, ఇందులో ఆలోచించేదేముంది? బొమ్మ వేసింది వాళ్ళు. మనం వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు తీసి చూడలేం కదా. మెనూని నమ్మే తింటాం.

బ్యాంకాక్_బాబాయ్:
బాబూ, మీ నాన్నగారి బాధ నాకు తెలుస్తోంది. నేనూ శాకాహారినే, ఏళ్ళ తరబడి బ్యాంకాక్‌లో ఉంటున్నాను. కానీ మోసం అన్న మాట మాత్రం వాడకండి. మోసం చేసేవాళ్ళు అందులో ఏమేం వేశారో నవ్వుతూ చెప్పరు. ఆ అమ్మాయికి అందులో దాచాల్సింది ఏదీ కనిపించలేదు.

ఇక్కడ వంటలో ఉప్పు చేసే పని చాలావరకు నామ్‌ప్లా చేస్తుంది. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఊరబెట్టి తీసిన రసం అది, ఇంగ్లీషులో ఫిష్ సాస్. నూడుల్స్ బండి దగ్గర కూర్చుంటే టేబుల్ మీద నాలుగు గిన్నెల స్టాండు ఉంటుంది: చక్కెర, ఎండుకారం, మిరపకాయలు వేసిన వెనిగర్, మిరపకాయలు వేసిన నామ్‌ప్లా. ఒట్టి కూరగాయల వేపుడు అడిగినా అందులో నామ్‌ప్లానో ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాసో పడుతుంది. మాంసం వద్దు అంటే ముక్కలు వద్దన్నారని అనుకునేవాళ్ళే ఎక్కువ.

పూర్తి శాకాహారం కావాలంటే ఇక్కడ 'జే' అని అడగాలి. చైనా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల ఆచారం ఇది. మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ఏటా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజుల పండుగ వస్తుంది. ఫుకెట్‌లో పెద్ద ఎత్తున చేస్తారు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా పసుపు జెండాల మీద ఎర్ర అక్షరాలే, ఆ జెండా ఉన్న బండి దగ్గర నేను నిశ్చింతగా తింటాను. మీ హోటల్ ఆవిడతో 'జే' అని ఉంటే వెంటనే అర్థమయ్యేది.

ఇంకో సంగతి. పాద్ క్రపావ్ అనే మాంసం వేపుడులో వేసే ఆకు మన తులసే. మనం కోట కట్టి పూజించే మొక్కని వాళ్ళు కైమాలో వేస్తారు. మనల్ని అవమానించాలని కాదు కదా, వాళ్ళ వంటలో దాని చోటు అది.

సామర్లకోట_సుజాత:
బాబాయ్ గారూ, మీ మాట నేను ఒప్పుకోలేను. మా ఇంట్లో సొరకాయలో, దోసకాయలో ఎండు రొయ్యలు వేస్తాం. ఆ కూర తీసుకెళ్ళి శాకాహారుల విస్తట్లో ఎవరూ వడ్డించరు. మా నాన్నమ్మ ఎండు రొయ్యలు వేయించే మూకుడు విడిగా పెట్టేది, శనివారం దాని జోలికే వెళ్ళేది కాదు. కనబడకుండా నూరినంత మాత్రాన రొయ్య రొయ్య కాకుండా పోదు. ఆ సంగతి మా నాన్నమ్మకీ తెలుసు, ఆ థాయ్ ఆవిడకీ తెలుసు.

అక్కడి సంప్రదాయం వేరు, సరే. కానీ డాలస్‌లో ఆకు బొమ్మ పెట్టినప్పుడు అది చూసి ఎవరొస్తారో తెలిసే పెట్టారు. శాకాహారుల డబ్బులు కావాలి గానీ వాళ్ళ నియమం ఏమిటో తెలుసుకోనక్కరలేదా?

మాంచెస్టర్_మాస్టర్:
మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చేసే రోజుల్లో నేను ఒక థాయ్ కుటుంబం హోటల్ కిచెన్‌లో పార్ట్‌టైమ్ చేశాను. గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి కూరగాయలు తరిగే దాకా వచ్చాను. లోపల పని ఎలా నడుస్తుందో చెబుతాను.

గ్రీన్ కర్రీ మనం ఆర్డర్ ఇచ్చాక మొదలుపెట్టేది కాదు. పొద్దున్నే పేస్టు నూరుతారు, లేదా డబ్బా తెరుస్తారు. చిక్కటి కొబ్బరిపాలు నూనె తేలేదాకా కాచి, అందులో పేస్టు వేయించి, మిగతా పాలు పోసి పెద్ద గిన్నెడు గ్రేవీ సిద్ధం చేసి పెడతారు. ఆర్డర్ వస్తే అందులోంచి రెండు గరిటెలు తీసి చికెన్ వేస్తే చికెన్ కర్రీ, టోఫూ వేస్తే టోఫూ కర్రీ. ఫిష్ సాస్ వద్దండీ అని మీరు ఎంత చెప్పినా, పైన చల్లేది ఆపుతారేమో గానీ అప్పటికే కలిసిపోయిన రొయ్యని ఎవరూ బయటికి తీయలేరు. ప్యాడ్ థాయ్ అనే నూడుల్స్ వేపుడులో వేసే సాస్ కూడా అంతే. చింతపండు, తాటిబెల్లం, ఫిష్ సాస్ కలిపి ముందే కాచి పెట్టుకునేవాళ్ళం. టామ్ యమ్ సూప్‌లో పోసేది మామూలు నీళ్ళు కావు, మా దగ్గర కోడి ఎముకలు మరిగించిన రసం పోసేవాళ్ళం.

వేపుళ్ళు వేరు, అవి ఎప్పటికప్పుడు చేసేవి. ఫిష్ సాస్ బదులు సోయా సాస్, ఆయిస్టర్ సాస్ బదులు పుట్టగొడుగుల సాస్ వేయమంటే వంటవాళ్ళకి కష్టమేమీ లేదు. పచ్చి బొప్పాయి సలాడ్ మన కళ్ళ ముందే రోట్లో దంచేది కాబట్టి ఎండు రొయ్యలు, ఫిష్ సాస్ లేకుండా చేయించుకోవచ్చు, రోలు కడిగి దంచమని చెప్పాలి. మామిడిపండుతో ఇచ్చే స్టికీ రైస్‌లో కొబ్బరిపాలు, చక్కెర, ఉప్పు తప్ప ఇంకేం ఉండవు. మూకుడు సంగతి కూడా తెలుసుకోండి. ఒక ఆర్డర్‌కీ ఇంకో ఆర్డర్‌కీ మధ్య నీళ్ళు పోసి బ్రష్షుతో రుద్ది మళ్ళీ మంట మీద పెడతారు. సబ్బు తగలదు. అది కూడా పనికిరాదనేవాళ్ళు అలాంటి చోట తినకపోవడమే మంచిది.

ఇక అసలు విషయం. మా ఓనరమ్మ రొయ్య లేని పేస్టు విడిగా నూరి, వేరే డబ్బాలో, వేరే అరలో పెట్టేది. శుక్రవారం రాత్రి రద్దీలో అది అయిపోతే, వెజిటేరియన్ కర్రీ ఇవాళ లేదని చెప్పి రమ్మనేది. కస్టమర్ లేచి వెళ్ళిపోయినా సరే, మామూలు గ్రేవీ వేసి పంపనిచ్చేది కాదు. ఆ హోటల్లోనూ ఇల్లంతా కలిసి పని చేసేవాళ్ళే, చేతులు తక్కువే. కాబట్టి చిన్న హోటల్‌కి ఇవన్నీ కుదరవంటే నేను నమ్మను. శ్రమ ఉంది, కుదురుతుంది. ఆకు బొమ్మకి జవాబుదారీ హోటలే. అలాగని ఒక్క స్టార్ కొట్టడం కూడా నాకు నచ్చలేదు. లంచ్ రద్దీ అయ్యాక మూడింటి ప్రాంతంలో ఖాళీగా ఉంటారు. వెళ్ళి ఆవిడతో మాట్లాడండి.

హెండర్సన్_హరి:
మాస్టర్ గారి మాటే నాదీ, కానీ ఇంకో వైపు కూడా చూడాలి. 2002 ప్రాంతంలో థాయ్ ప్రభుత్వం 'గ్లోబల్ థాయ్' అని ఒక కార్యక్రమం పెట్టి, విదేశాల్లో థాయ్ హోటళ్ళు పెరగాలని ప్రోత్సహించింది. హోటళ్ళు పెరిగాయి, కానీ ఏ ఊరు వెళ్ళినా అదే ప్యాడ్ థాయ్, అవే మూడు రంగుల కర్రీలు. వాటి మధ్య సొంత చేతి వంటతో నిలబడేది ఇలాంటి కుటుంబాలే. మా లాస్‌వేగాస్‌లో లోటస్ ఆఫ్ సయామ్ అనే థాయ్ హోటల్ ఉంది. సాయిపిన్ చుతిమా కుటుంబం దాన్ని 1999లో తీసుకుని, పాత షాపింగ్ సెంటర్లో ఉన్న చోటే ఉత్తర థాయ్‌లాండ్ వంటలు పెట్టింది. 2011లో ఆవిడకి అమెరికాలో వంటవాళ్ళకి ఇచ్చే పెద్ద గౌరవం, జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. ఇంటి వంట వదులుకోలేదు కాబట్టే అంత పేరు.

మీ నాన్నగారు మళ్ళీ అన్నం అడిగింది ఆవిడ స్వయంగా నూరిన పేస్టు వల్లే. రేపు నాలుగు చెడ్డ రివ్యూలు పడితే ఆవిడ రోలు పక్కన పెట్టి డబ్బా పేస్టుకి మారిపోతుంది. అప్పుడు నష్టం అందరిదీ. ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క మాట అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పల్నాడు_అబ్బాయి:
హరి గారూ, ఏమనుకోకండి. ఆవిడ చేతి రుచి నిలబడాలని మా నాన్న నియమం పోవాలా? ఇండియాలో బిస్కెట్ ప్యాకెట్ కొన్నా పచ్చచుక్క చూసి కొంటాం. ఆ చుక్క ఉన్నాక దుకాణదారుణ్ణి మళ్ళీ అడగం. బొమ్మ పెట్టాక కూడా అడగాల్సిందే అంటే ఆ బొమ్మ ఎందుకు?

ఫ్రిస్కో_అమ్మ:
మీరందరూ ఆచారం గురించి మాట్లాడుతున్నారు. మా బాబుకి రొయ్యలు, పీతలు పడవు. అలర్జీ వస్తే వెంటనే వేసే ఇంజెక్షన్, ఎపిపెన్, బ్యాగులో లేకుండా గడప దాటం. మాకు ఇది ప్రాణం సంగతి.

అమెరికాలో ప్యాకెట్ ఆహారం మీద రొయ్య, చేప, వేరుశనగ లాంటివి ఉంటే రాయాలని 2004లో చట్టం చేశారు. 2023 నుంచి నువ్వులు కూడా చేర్చారు. కానీ హోటల్లో వండి పెట్టే ప్లేటుకి ఆ చట్టం వర్తించదు. ఇంగ్లండ్‌లో అయితే 2014 చివరి నుంచి పద్నాలుగు రకాల పదార్థాల గురించి హోటళ్ళు కూడా కస్టమర్‌కి చెప్పి తీరాలి. ఇక్కడ పచ్చచుక్కని నమ్మినట్టు ఆకు బొమ్మని నమ్మే పరిస్థితి లేదు. నేను దాన్ని లెక్కలోకే తీసుకోను. మావాడికి ఏది పడదో కాగితం మీద రాసి, వంట చేసే మనిషికే చూపించమంటాను. చాలాసార్లు ఆ మనిషే బయటికొచ్చి, ఇది తినండి, ఇది వద్దు అని చెబుతారు. పెద్ద చెయిన్ హోటళ్ళలో నాకు ఎప్పుడూ ఇలా జరగలేదు. అందుకే ఇలాంటి కుటుంబాల హోటళ్ళంటే నాకు గౌరవం.

రివ్యూ రాయండి. స్టార్ల సంగతి మీ ఇష్టం. 'ఇక్కడి టోఫూ గ్రీన్ కర్రీలో రొయ్యల పేస్టు ఉంది' అని ఒక్క లైను చాలు. కోపం ఉన్న రివ్యూ జనం దాటేస్తారు, ఈ లైను మాత్రం నాలాంటి ఇంకో అమ్మ చదివి ఆగిపోతుంది.

బ్యాంకాక్_బాబాయ్:
అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మోసం అన్న మాట తప్పని ఇప్పటికీ అంటాను. కానీ ఆ లైను రాయాలి.

హెండర్సన్_హరి:
ఆ లైనుకి నాకూ అభ్యంతరం లేదు. ముందు ఆవిడకి చెప్పి ఒక వారం టైం ఇవ్వండి, అంతే నేను కోరేది.

కాకినాడ_కాజా:
వారమా? ఈలోగా ఇంకో పెద్దాయన అదే బొమ్మ చూసి అదే కర్రీ తింటే ఎవరు సమాధానం చెబుతారు? వాళ్ళ వ్యాపారం మీద జాలి ఉండొచ్చు, కానీ ఆ జాలికి తినేవాళ్ళు ఎందుకు నష్టపోవాలి? ఇవాళే రాయండి. వాళ్ళు మార్చాక మంచి రివ్యూ కూడా మీరే రాయండి.

పల్నాడు_అబ్బాయి:
వారం ఆగను. రేపు మూడింటికి వెళ్తున్నాను. ఆకు బొమ్మ తీసేస్తారా, రొయ్య లేని పేస్టు విడిగా చేస్తారా, ఈ రెండే అడుగుతాను. రెండూ కాదంటే ఫ్రిస్కో అమ్మ గారి లైను రేపు సాయంత్రమే పెడతాను.

సామర్లకోట_సుజాత:
మంచిది తమ్ముడూ. విడిగా పేస్టు చేస్తామంటే విడిగా గరిటె కూడా పెట్టమని చెప్పు.