షెల్డన్‌ది చాదస్తమా, పొగరా?

నల్లబల్ల:
జ్వరంతో నాలుగు రోజులు మంచమెక్కి ‘ద బిగ్ బ్యాంగ్ థియరీ’ మళ్లీ మొదటినుంచీ చూశాను. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: అమెరికాలో సీబీఎస్‌లో 2007 నుంచి 2019 దాకా వచ్చిన సిట్‌కామ్. 12 సీజన్లు, 279 ఎపిసోడ్లు. పసడీనాలో కాల్‌టెక్‌లో పనిచేసే కుర్ర సైంటిస్టుల గోల. అందులో షెల్డన్ కూపర్ అని ఒక భౌతికశాస్త్రవేత్త. 11వ ఏట కాలేజీ, 16వ ఏట పీహెచ్‌డీ. బుర్ర పాదరసం, మనుషులతో మాత్రం బొత్తిగా పొసగదు.

హాస్టల్లో ఒకే ల్యాప్‌టాప్ ముందు పదిమందిమి కూచుని పడీపడీ నవ్వినవాణ్ణే. ఈసారి నవ్వు రాలేదు. రెండో ఎపిసోడే చూడండి. ఎదురింటి పెన్నీ ఫ్లాటు చిందరవందరగా ఉందని ఈయనకి నిద్ర పట్టదు. అర్ధరాత్రి ఆమె నిద్రలో ఉండగా లోపలికి వెళ్లి సామానంతా సర్దేస్తాడు. స్టూడియోలో జనం ఘొల్లున నవ్వుతారు. ఒంటరిగా ఉండే ఆడపిల్ల గదిలోకి అర్ధరాత్రి దూరితే అందులో నవ్వేదేముంది?

చాదస్తం ఉన్నవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. దానివల్ల ముందు ఇబ్బంది పడేది వాళ్లే. గొళ్లెం పెట్టానో లేదో అని వీధి చివర్నుంచి వెనక్కి వచ్చేది వాళ్లే. షెల్డన్ దగ్గర ఇది తిరగబడింది. పట్టింపు అతనిది, పాట్లు పక్కవాళ్లవి. దీన్ని నేను పొగరనే అంటాను. మీరేమంటారు?

ఫిల్టర్‌కాఫీ:
ముందు జ్వరం తగ్గిందా లేదా చెప్పండి.

చాదస్తం వల్ల ఇబ్బంది వాళ్లకే అన్నారు చూడండి, మీరు మా తాతయ్యని చూళ్లేదు. వసారాలో ఆయన పడక్కుర్చీ. అందులో ఇంకెవరూ కూచోకూడదు. తెలియక చుట్టాలెవరైనా కూచుంటే ఏమీ అనేవారు కాదు, ఎదురుగా నిలబడి దగ్గేవారు. వాళ్లు లేచేదాకా దగ్గు ఆగేది కాదు. ఆ కుర్చీ అక్కడే ఎందుకుండాలో పదేళ్లప్పుడు ఒకసారి అడిగాను. పొద్దున ఎండపొడ ఎక్కడిదాకా వస్తుంది, సాయంత్రం గాలి ఎటునుంచి కొడుతుంది, గేటు చప్పుడైతే మెడ తిప్పకుండా ఎవరొచ్చారో ఎలా కనిపిస్తుంది, అన్నీ వరసగా చెప్పారు. మొదటి ఎపిసోడ్లో సోఫాలో ఎడమవైపు కొస తన చోటు ఎందుకయిందో షెల్డన్ చెప్పే కారణాలు గుర్తున్నాయా? చలికాలం రేడియేటర్ వెచ్చదనం తగలాలి, చెమట పట్టకూడదు. ఎండాకాలం రెండు కిటికీల మధ్య గాలి ఆడాలి. టీవీ మరీ ఎదురుగానూ ఉండకూడదు, మరీ పక్కకీ ఉండకూడదు. మా తాతయ్య ఇంగ్లీషులో మాట్లాడుతున్నట్టే అనిపించింది.

రెండో సీజన్లో క్రిస్మస్ ఎపిసోడ్ కూడా ఒకసారి చూడండి. పెన్నీ తనకి కానుక ఇస్తుందని తెలిసి షెల్డన్ వణికిపోతాడు, సరిగ్గా అంత విలువైనది తిరిగివ్వాలి కదా అని. అందుకని రకరకాల సైజుల్లో స్నానం సబ్బుల బుట్టలు కొని దాచిపెడతాడు. ఆమె ఇచ్చినదాన్నిబట్టి ఒకటి ఇచ్చి మిగతావి షాపులో వాపసు చేద్దామని. మన చదివింపుల పుస్తకం ఇదే కదండీ! ‘వాళ్లు మన పెళ్లిలో అయిదొందల పదహార్లు చదివించారు’ అని పుస్తకం తిరగేసి కవరు నింపే జాతి మనది. తీరా పెన్నీ ఇచ్చింది ఏమిటి? ‘స్టార్ ట్రెక్’లో స్పాక్ వేషం వేసిన, షెల్డన్ ఆరాధించే నటుడు లియొనార్డ్ నిమోయ్ మూతి తుడుచుకుని సంతకం పెట్టిన నాప్కిన్. షెల్డన్ లెక్క తెగదు. బుట్టలన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టేసి, అదీ చాల్లేదని వంగి, కర్రలా బిగుసుకుని కౌగిలించుకుంటాడు. పొగరున్నవాడు అలా చెయ్యడు.

ఓరుగల్లు పోరడు:
మీరిద్దరు షెల్డన్ గురించి కొట్లాడుకుంటున్రు. నాకైతె ఆయన రూమ్మేట్ లెనర్డ్ మీదనే జాలి. ఆ రూమ్మేట్ అగ్రిమెంట్ల బాత్రూంకు ఎప్పుడు పోవాల్నో కూడ రాసి ఉంటది.

నేను డాలస్‌ల ఎమ్మెస్ చేసేటప్పుడు నలుగురం ఒక డబల్ బెడ్రూంల ఉండేటోళ్లం. అండ్ల ఒకాయన, పేరొద్దు గని, ఫ్రిజ్జిల అరకొకటి పంచి లేబుల్ మిషిన్‌తోని పేర్లు కొట్టి అంటించిండు. పెరుగు గిన్నె మీద తారీఖు. నూనె సీస మీద గీత గీసి ఎవలు ఎంత వాడిన్రో కాయితం మీద లెక్క. ఒకసారి నేను ఆయన అరల నిమ్మకాయ పెట్టిన. ఏమనలె. తెల్లారి నా అరల అదే నిమ్మకాయ, దాని మీద నా పేరు కొట్టిన లేబుల్.

అప్పుడు మస్తు కోపమొచ్చింది. గని ఒకటి చెప్త, ఆ ఏడాది కరెంటు బిల్లు కాడ, కిరాయి కాడ మా రూంల ఒక్క లొల్లి కాలె. పక్క అపార్టుమెంటోళ్లు బియ్యం బస్తా కోసం విడిపోయిన్రు.

తుమ్మముల్లు:
తాతయ్యలు, నిమ్మకాయలు బాగున్నాయి గానీ అసలు విషయం జారిపోతోంది. షెల్డన్ ఎవరిని అంటాడో, ఎవరి జోలికి పోడో ఒకసారి లెక్క తీయండి. స్నేహితుడు హవర్డ్‌కి డాక్టరేట్ లేదు. ఎమ్ఐటీలో మాస్టర్స్ చేసిన ఇంజినీరు. పన్నెండు సీజన్లపాటు ఆ ఒక్క ముక్కమీద సూటిపోటి మాటలే. ఆయన అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చినా తీరు మారదు. పెన్నీకి చదువు లేదని వెటకారం. అదే స్టీఫెన్ హాకింగ్ ఎదురుపడితే? తన లెక్కలో తప్పు చూపించగానే మూర్ఛపోతాడు. ఎదుటివాడి స్థాయి తెలియనివాడైతే అందరితోనూ ఒకేలా ఉండాలి కదా. తెలుసు కాబట్టే తేడా. నల్లబల్ల గారితో నూరుపాళ్లూ ఏకీభవిస్తాను.

మా ఆఫీసులోనూ ఒకరున్నారు. ‘ఆయన జీనియస్ కదా, కాస్త సర్దుకోండి’ అని మేనేజరు చెప్పేవారు. సర్దుకోలేక ఇద్దరు మానేశారు.

వానమొక్క:
నేను సాధారణంగా చదివి వెళ్లిపోతాను. ఈరోజు రాయాలనిపించింది.

మావాడికి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. వాడికో స్టీలు కంచం, అంచు మీద సొట్ట. అన్నం అందులో పెడితేనే తింటాడు, సొట్ట తన ఎడమచేతి వైపే ఉండాలి. ఇంకా పేరు తెలియని రోజుల్లో ఇదంతా మొండితనమనుకున్నాను. ఒక రాత్రి పంతానికి వేరే కంచంలో పెట్టి, తినకపోతే పడుకోమన్నాను. పడుకున్నాడు. ఏడవలేదు కూడా. తెల్లవారుజామున లేచి చూస్తే వంటింట్లో ఖాళీ సొట్టకంచం ముందు పెట్టుకుని కూచున్నాడు.

అందుకే మీరు పొగరా చాదస్తమా అని రెండే గళ్లు గీస్తే నాకు ఇరుకుగా ఉంది. షెల్డన్‌కి ఆస్పర్గర్స్ ఉందా అని ఏళ్లతరబడి వాదించుకున్నారు (2013 నుంచి అమెరికా వైద్యులు ఆ పేరు విడిగా వాడటం మానేసి ఆటిజంలోనే కలిపేశారు). ఆ షో సృష్టికర్తల్లో ఒకరైన బిల్ ప్రాడీ, అలాంటిదేమీ మనసులో పెట్టుకుని రాయలేదని, తాను చూసిన కంప్యూటర్ ప్రోగ్రామర్ల నుంచి ఆ మనిషి పుట్టాడని చెప్పారు. పేరు పెట్టకపోతే వాళ్లకి ఒక సౌకర్యం. పేరు పెడితే జబ్బుని వెక్కిరించినట్టు, పెట్టకపోతే మనిషి తిక్కని వెక్కిరించినట్టు. రెండోదానికి ఎవరూ కేకలెయ్యరు.

ఆరో సీజన్లో ఒక ఎపిసోడ్ ఉంది. షెల్డన్ ఏ పనైనా సగంలో ఆపలేడు. అతని గర్ల్‌ఫ్రెండ్ ఎమీ, ఆ అలవాటు మాన్పిస్తానని డామినో బిళ్లలు వరసగా పేర్పించి పడగొట్టనివ్వదు, కొవ్వొత్తులు వెలిగించి ఊదనివ్వదు. పాట సగంలో ఆపుతుంది. కథలో ఆమె మెదడు మీద పరిశోధన చేసే డాక్టరు. ఆ వేషం వేసిన మయిమ్ బియాలిక్‌కి నిజంగానే న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ ఉంది. షెల్డన్ ముఖంలో ఆ పెనుగులాట, వెనక జనం నవ్వు. ఆమె అటు వెళ్లగానే ఒక్కొక్కటే పూర్తిచేసుకుంటాడు. అందరూ అక్కడ ఇంకా గట్టిగా నవ్వుతారు. నాకు మాత్రం ఆ చివరి భాగం చూస్తే ఊపిరి ఆడినట్టయింది, మావాడి చేతికి సొట్టకంచం అందినట్టు.

ఇక తలుపు మూడుసార్లు కొట్టడం. ‘టకటకటక పెన్నీ’ అని మూడుసార్లు అవ్వాల్సిందే. పెన్నీ మధ్యలో తలుపు తీసినా మిగిలింది పూర్తిచేస్తాడు. మా అపార్టుమెంటు లిఫ్టులో మావాడు ముందు 4 నొక్కుతాడు, తర్వాత మేమెక్కడికి వెళ్లాలో ఆ అంకె. మేముండేది రెండో అంతస్తు. రోజూ నాలుగు దాకా వెళ్లి దిగుతాం. పైవాళ్లు కొందరు నవ్వుతారు, ఒకావిడ విసుక్కుంటుంది. విసుక్కునే ఆవిడ తప్పు కూడా నాకేం కనబడదు. ఆమె పాలప్యాకెట్లు మోసుకుంటూ నిలబడి ఉంటుంది.

నల్లబల్ల:
వానమొక్క గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. పెన్నీ ఫ్లాటు విషయంలో నా మాట మార్చుకోను, కానీ ‘పట్టింపు అతనిది, పాట్లు పక్కవాళ్లవి’ అని తేల్చెయ్యడం తొందరపాటే. పట్టింపులో పడే పాట్లు బయటికి కనబడవు.

తలుపు సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి. తొమ్మిది సీజన్లపాటు అది ఉత్త అలవాటే. 2016లో, పదో సీజన్లో కారణం చెప్పించారు. 13వ ఏట కాలేజీ సెలవులకి ముందుగా ఇంటికొచ్చి, తట్టకుండా తలుపు తీస్తే తండ్రి ఇంకో ఆడమనిషితో ఉన్నాడు. అప్పట్నుంచీ మొదటి తట్టు మర్యాదకి, మిగతా రెండూ లోపలివాళ్లు బట్టలు సర్దుకోవడానికి. చూసినప్పుడు గొంతు పట్టేసింది. తర్వాత ‘యంగ్ షెల్డన్’ చివరి సీజన్లో, 2024లో, దానికి ఇంకో మెలిక పెట్టారు. ఆ ‘ఇంకో ఆడమనిషి’ సవరం పెట్టుకుని వేషం వేసుకున్న తల్లే! కుర్రాడు పొరపాటు పడ్డాడు. అంటే జీవితాంతం తలుపులు మూడుసార్లు కొట్టింది జరగనిదాన్ని చూసి.

నాకిది నచ్చలేదు. ప్రతి తిక్కకీ వెనక ఒక గాయం తవ్వితీస్తేగానీ మనం క్షమించమా? మీ అబ్బాయి నాలుగో అంతస్తు వెనక కథ ఏముంటుంది?

వానమొక్క:
ఏమీ లేదు. 4 అంటే ఇష్టం. అంతే.

లెక్కల మాస్టారు:
ఇష్టమంటే గుర్తొచ్చింది. షెల్డన్‌కి 73 అంటే ప్రాణం. అది 21వ ప్రధానసంఖ్య. తిరగేస్తే 37, అది 12వది. 12ని తిరగేస్తే 21. ఏడు మూళ్లు కూడా 21. సున్నా, ఒకటి మాత్రమే వాడే ద్విసంఖ్యామానంలో 1001001, ఎటునుంచి చదివినా ఒకటే. ఈ సొగసు చెప్పింది సరిగ్గా 73వ ఎపిసోడ్లో. ఇలాంటి ప్రధానసంఖ్య ఇంకొకటి లేదని కార్ల్ పోమరెన్స్, క్రిస్ స్పైసర్ 2019లో రుజువు చేశారు. టీవీ జోకు మీద గణితపత్రిక వ్యాసం! ఈ మాట రాయడానికే లాగిన్ అయ్యాను, మీ చర్చకి సంబంధం లేకపోతే మన్నించండి.

సంబంధం ఉన్నది ఒకటి చెప్పి పోతాను. నిజంగా మనుషుల్లో ఇమడని భౌతికశాస్త్రవేత్త కావాలంటే పాల్ డిరాక్. 1933లో నోబెల్. ఎంత మితభాషి అంటే, కేంబ్రిడ్జిలో తోటివాళ్లు గంటకి ఒక మాటని ‘ఒక డిరాక్’ అని సరదాకి కొలతగా పెట్టుకున్నారు. నోరు విప్పని మనిషితో సిట్‌కామ్ తీయలేరు కాబట్టి షెల్డన్‌కి అంత నోరిచ్చారు. ఆ నోరు రచయితలది. తుమ్మముల్లు గారు నొచ్చుకున్నది దాని వల్లే.

తుమ్మముల్లు:
రచయితలు ఇచ్చినా, వాడుకున్నవాడి లెక్కలోనే వేస్తాను మాస్టారూ.

వానమొక్క గారూ, మీ అబ్బాయిని ఉద్దేశించి నేను ఒక్క ముక్క కూడా అనలేదు. కంచం ఎవరి జోలికీ పోదు. లిఫ్టు రెండు నిమిషాలు. నా గొడవంతా ‘నీకు డాక్టరేట్ లేదు’ అన్న మాటతో. అది పట్టింపు కాదు, ఎంచి కొట్టడం.

వానమొక్క:
ఆ గీత నాక్కూడా కావాలండీ. షెల్డన్ నేర్చుకోలేనివాడు కాదు. మొదటి సీజన్లోనే కొత్త బాసుని అవమానించి ఉద్యోగం పోగొట్టుకుంటాడు. టెక్సస్ నుంచి తల్లి వచ్చి చెవి పట్టుకున్నంత పని చేసి, తీసుకెళ్లి క్షమాపణ చెప్పిస్తుంది. ఎవరైనా బాధలో ఉంటే వేడిగా తాగడానికేదైనా ఇవ్వాలని కూడా ఆవిడే నేర్పింది. ఎదుటివాళ్ల బాధ అర్థం కాకపోయినా టీ మాత్రం పెడతాడు. మావాడికి నేనూ అలాగే నేర్పుతున్నాను. ఎవరైనా ఏడిస్తే మంచినీళ్లు తెచ్చిస్తాడు. సీరియల్లో ఏడిస్తే టీవీ ముందు పెడుతున్నాడు, అది వేరే సంగతి.

లెనర్డ్, మిగతా స్నేహితులూ ‘షెల్డన్ అంతే’ అని వదిలేశారు. అది ప్రేమో, బద్ధకమో నేను చెప్పలేను.

ఫిల్టర్‌కాఫీ:
చివరి ఎపిసోడ్లో నోబెల్ వేదిక మీద రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కనపెట్టి, స్నేహితుల్ని ఒక్కొక్కరిగా లేపి నిలబెట్టి, మీకు తగ్గ స్నేహితుడిగా ఉండలేకపోయి ఉంటే క్షమించమంటాడు కదా. తుమ్మముల్లు గారి లెక్కలో అది జమ పడదా?

తుమ్మముల్లు:
పడుతుంది. 279వ ఎపిసోడ్లో. వడ్డీ ఎవరిస్తారు?

వానమొక్క:
ఓరుగల్లు పోరడు గారూ, ఆ నిమ్మకాయ రూమ్మేట్ ఇప్పుడెక్కడున్నారు?

ఓరుగల్లు పోరడు:
ఎక్కడున్నడో తెల్వదమ్మా. డిగ్రీ అయినంక ఎవల దారి వాళ్లది, ఫోన్ నంబరు కూడ మారింది. రూం ఖాళీ చేసేనాడు ఆ లేబుల్ మిషిన్ నాకిచ్చిపోయిండు, ఇంక రెండు టేపులు మిగిలినయ్ అని. ఇప్పుడు మా ఇంట్ల ఉప్పు డబ్బ, పప్పు డబ్బ, ఇంగువ డబ్బ, అన్నిటి మీద లేబుళ్లే. మా ఆవిడ తిడ్తది.