తలసేమియా పాపకు సంఘంలో రక్తదాతల జాబితా: నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్తారా?

అందరికీ వందనాలు. మహబూబ్‌నగర్ దగ్గర మా పాస్టరు గారి పాపకు ఆరేళ్ళు, బరువు 16 కిలోలు, తలసేమియా మేజర్ (పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు). మూడు వారాలకోసారి ఒక యూనిట్ ప్యాక్డ్ సెల్స్ (రక్తం నుంచి వేరుచేసిన ఎర్రకణాలు) ఎక్కించాలి. ఆదివారం ఆరాధన ఉంటుంది కాబట్టి గురువారం పెట్టుకుంటున్నారు.

ఏడాదికి 17 యూనిట్లు. మగవాళ్ళు మూడు నెలలకు, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు గనక కాగితం మీద ఆరుగురు చాలు. నిజానికి ఇరవై మంది లేనిదే నడవదు. కొందరికి హిమోగ్లోబిన్ 12.5 ఉండదు, కొందరు ఎండాకాలం పనికి వలస పోతారు. ఈస్టరుకు ముందు శ్రమకాలం నలభై రోజులైతే సగం మంది ఉపవాసమే. పరగడుపున రక్తమిస్తే ఎంత విశ్వాసం ఉన్నా కళ్ళు తిరుగుతాయి! రేపు మూలుగ మార్పిడి అవసరమైతే ఇబ్బంది రాకుండా రక్తసంబంధీకులను జాబితాలో చేర్చలేదు.

తెలియాల్సినవి: తెల్లకణాలు వడగట్టని రక్తం ఎక్కిస్తే పాపకు చలిజ్వరం వస్తోంది. ఫిల్టర్ చేసిన రక్తం మహబూబ్‌నగర్‌లోనే దొరుకుతుందా, హైదరాబాద్ పోవాల్సిందేనా?

ఒంట్లో ఇనుము ఎంత పేరుకుందో చూపే ఫెరిటిన్ 1000 దాటింది. ఆ ఇనుమును తగ్గించే డెఫెరాసిరాక్స్ మాత్ర నీళ్ళలో కరిగించి, తిండికి అరగంట ముందు తాగిస్తే కక్కేస్తోంది. పండ్లరసంలో కలిపి ఇచ్చినవాళ్ళున్నారా? డాక్టరు గారిని కూడా అడుగుతాం.

2016 వికలాంగుల చట్టంలో తలసేమియా ఉంది కదా, వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు ఏయే రిపోర్టులు పట్టుకెళ్ళాలి?

ఇంకోటి, అన్నిటికన్నా కష్టమైనది. "ప్రార్థనతో స్వస్థత అయింది, ఇక రక్తం వద్దు" అనే సంఘ పెద్దలకు, పాప తల్లి అయిన అమ్మగారు నొచ్చుకోకుండా, ఎట్ల చెప్పాలి?