తుమ్మ కట్టెలు కోసేందుకు చిన్న చైన్‌సా: పెట్రోలుదా, కరెంటుదా?

నర్సంపేట రైతు:
బాయికాడ సర్కారు తుమ్మ, వేప కొమ్మలున్నయి. లావు 6–8 అంగుళాలు. పొయ్యిలకు కోసుకోవాలె. ఎంత బార్ (చైన్ తిరిగే పొడుగు పట్టీ) తీసుకోవాలె? చైన్ ఊకె ఊడుతదంటున్నరు, ఎందుకు?

హన్మకొండ మెకానిక్:
అన్నా, ఆ లావుకు 14 అంగుళాల బార్ చాలు. ఇంటికాడ కోసేదైతే 2000 వాట్ల కరెంటుది తీస్కో. వైరు 2.5 స్క్వేర్ ఎం.ఎం. ఉండాలె, సన్నదైతే వోల్టేజీ పడి మోటరు కాలుతది. చెలకలకైతే పెట్రోలుదే. పెట్రోల్ల కలిపే ఆయిల్ 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ., 25:1 అంటే 40. మిషన్ పుస్తకంల ఏది రాసుంటే అదే కలుపు.

పరకాల కట్టెకోత:
చైన్ ఊడేది ఎక్కువగా వదులుండబట్టే. కొత్త చైన్ సాగుతది. మిషన్ బంద్ చేసి, చల్లారినంక, చైన్ బ్రేకు (చైన్‌ను ఆపే లివర్) పడి ఉంటే వదులు చేసి, బార్ నట్లు కొద్దిగ వదులు చెయ్యి. బార్ ముక్కు పైకెత్తి పట్టి టెన్షన్ స్క్రూ తిప్పు. చైన్ బార్ కింది అంచుకు ఆనాలె, చేత్తో గుంజితే తిరగాలె. ముక్కు ఎత్తే ఉంచి నట్లు బిగించు. మొదటి అరగంటల రెండుమూడు సార్లు చూడు. చేతికి తొడుగులు మరువకు.

పైవైపు పళ్ల కోర ముక్కుదిక్కే ఉండాలె. తిరగేసి ఎక్కిస్తే కట్టె తెగది, పొగొస్తది.

హన్మకొండ మెకానిక్:
ఇంకోటి, ఎండిన తుమ్మ మస్తు గట్టి, పచ్చిగున్నప్పుడే కొయ్యి. పొట్టు పిండిలెక్క రాలితే పదును పోయినట్టే. 3/8 లో-ప్రొఫైల్ (చిన్న మిషన్లకొచ్చే రకం) చైన్‌కు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల వాలు. బార్ ముక్కు పైభాగం మాత్రం కట్టెకు తగలనియ్యకు, మిషన్ మొఖం మీదికి ఎగురుతది.