విశాఖ స్టైరీన్ లీకు: 2020కి ముందున్న ఆఫ్‌సైట్ ప్లాన్ కాపీ ఎలా సంపాదించాలి?

విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో 2020 మే 7 నాటి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవ రసాయనం) లీకు మీద పరిశోధన చేస్తున్నాను. ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రత కొలవడం, పైపొరలు వేడెక్కి పాలిమరైజేషన్ (అణువులు గొలుసుల్లా కలిసిపోతూ వేడి పుట్టించే చర్య) అదుపు తప్పడం, ఈ భాగానికి ఆధారాలు సరిపోయినన్ని ఉన్నాయి. దొరకనిది ఒక్కటే: 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో 14వ నిబంధన కింద జిల్లాలో ఉండాల్సిన ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్, అంటే ప్రమాదం ఫ్యాక్టరీ గోడ దాటితే బయటి జనాన్ని ఎలా కాపాడాలో చెప్పే ప్రణాళిక. స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. అలాంటప్పుడు ఫ్యాక్టరీ పక్కనే ఉన్న వెంకటాపురం జనం ఎటు వెళ్లాలని అందులో రాశారో చూడటం చాలా ముఖ్యం.

సమాచార హక్కు దరఖాస్తు కలెక్టరేట్‌కు పెట్టాలా, ఫ్యాక్టరీల శాఖకా? వ్యాపార రహస్యమంటూ సెక్షన్ 8(1)(డి) చూపితే, సెక్షన్ 10 కింద ఆ పేజీలు తీసేసి మిగతావి ఇమ్మని అడిగి ఎవరైనా సాధించారా? మాక్‌డ్రిల్ రిపోర్టులు కూడా అదే దరఖాస్తులో అడగొచ్చా, విడిగా పెట్టాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.