సొంత డబ్బున్న వ్యాపారి అమెరికా అధ్యక్ష నామినేషన్‌కు దిగితే దెబ్బ ఎక్కడ పడుతుంది?

ప్రశ్న: ఎప్పుడూ ఏ పదవీ చేయని కంపెనీ యజమాని రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) దిగాలంటే ముందు ఏ పనులు చూసుకోవాలి? సొంత డబ్బు దండిగా ఉంటే చాలదా? 2020లో డెమొక్రాట్లలో కోటీశ్వరుడు బ్లూంబర్గ్ నీళ్లలా ఖర్చుపెట్టినా అమెరికన్ సమోవా తప్ప ఏదీ గెలవలేదు.

జవాబు 1: వసూళ్లు గానీ ఖర్చు గానీ 5,000 డాలర్లు దాటితే చట్టం లెక్కలో అభ్యర్థి అయినట్టే. 15 రోజుల్లో ఎఫ్ఈసీకి (ఫెడరల్ ఎన్నికల కమిషన్‌కు) ఫారం 2, ఆపై 10 రోజుల్లో ప్రచార కమిటీ పేర ఫారం 1 వేయాలి. సొంత డబ్బుకు పరిమితి లేదు, 1976లో సుప్రీంకోర్టు ఇచ్చిన బక్లీ తీర్పు నుంచీ అంతే. ఫెడరల్ మ్యాచింగ్ నిధులు (విరాళాలకు జోడీగా ప్రభుత్వం ఇచ్చే డబ్బు) తీసుకుంటే మాత్రం సొంత డబ్బు 50,000 డాలర్లు దాటకూడదు. కంపెనీ ఖాతాలోంచి విరాళం అసలు కుదరదు. వ్యాపారులు జారేది ఇక్కడే: కంపెనీ విమానం ఎక్కినా, సిబ్బందితో పని చేయించుకున్నా ఆ ఖర్చు కమిటీయే కట్టాలి.

జవాబు 2: ఫారాలు తేలిక, బ్యాలెట్ కష్టం. న్యూహ్యాంప్‌షైర్‌లో 1,000 డాలర్లు కడితే పేరు ఎక్కుతుంది. 2024కి సౌత్ కరొలైనా రిపబ్లికన్లు 50,000, నెవాడా కాకస్‌కు (పార్టీవాళ్లు సమావేశమై అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) 55,000 తీసుకున్నారు. వర్జీనియాలో 5,000 సంతకాలు, అదీ 11 కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఒక్కోచోట కనీసం 200. 2012లో అక్కడ 10,000 అడిగితే గింగ్రిచ్, రిక్ పెర్రీ అంతటివాళ్లే ఆగిపోయారు. కూలికి సంతకాలు సేకరించేవాళ్లను గుడ్డిగా నమ్మొద్దు. 2022 మిషిగన్ గవర్నర్ పోటీలో దొంగ సంతకాల వల్ల వ్యాపారి పెర్రీ జాన్సన్ పేరు బ్యాలెట్‌కే ఎక్కలేదు. రెట్టింపు సేకరించి, ఓటరు జాబితాతో వారం వారం సరిచూసుకోవాలి.

జవాబు 3: అసలు జల్లెడ డిబేట్. 2023 ఆగస్టులో మిల్వాకీలో జరిగిన మొదటి రిపబ్లికన్ డిబేట్ వేదిక ఎక్కాలంటే 40,000 మంది దాతలు, 20 రాష్ట్రాల్లో 200 మంది చొప్పున, పైగా 800 మందికి తగ్గని సర్వేల్లో 1 శాతం కావాలి. పోటీలో ఉన్న నార్త్ డకోటా అప్పటి గవర్నర్ బర్గమ్ డాలరు ఇచ్చినవాళ్లకు 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చి దాతల లెక్క దాటించారు. అధ్యక్ష పోటీకి దిగిన అదే పెర్రీ జాన్సన్‌కు వేదిక దక్కలేదు. రెండో డిబేట్‌కు 50,000 మంది, 3 శాతం. మూడోదానికి 70,000, 4 శాతం. అంటే డబ్బుతో దాతలను తెచ్చుకోవచ్చేమో గానీ సర్వేలో శాతం రాదు. వ్యాపారి వివేక్ రామస్వామి నాలుగు డిబేట్లలో నిలిచినా అయోవా కాకస్‌లో 7.7 శాతమే వచ్చింది, ఆ రాత్రే తప్పుకున్నారు.

ప్రశ్న: హెచ్1బీ మీదున్న మనవాళ్లు డాలరు ఇచ్చి దాతల లెక్కలో చేరొచ్చా?

జవాబు 1: కుదరదు, ఒక్క డాలరైనా చట్టవిరుద్ధమే. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు. 2024 ప్రైమరీకి మనిషికి 3,300 డాలర్ల వరకే.