పవర్ ఆఫ్ అటార్నీ, నామినీ ఉన్నాయి కదా, వీలునామా కూడా రాయాలా?

తొలకరి:
మేమిద్దరం మగవాళ్ళం, చాలా ఏళ్ళుగా కలిసి ఉంటున్నాం. మన పెళ్ళిళ్ళ సంగతి పార్లమెంటే చూసుకోవాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న చెప్పేసింది. అందుకే ఒకరి తరఫున ఇంకొకరు పనులు చేసే అధికారమిస్తూ, ఒకరికొకరం జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసుకున్నాం. జాయింట్ అకౌంట్ ఉంది, ఇన్సూరెన్సులో నామినీలం. వీలునామా అంటే ఇంట్లో గొడవలు. ఉన్నవి చాలవా?

సిరాచుక్క:
చాలవండీ. అసలు అవసరం పడే రోజునే అవి చేతులెత్తేస్తాయి. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చూడండి. రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా పవర్ ఆఫ్ అటార్నీ రద్దవుతుంది. కోమాలో ఉన్న మనిషి తరఫున బ్యాంకు పని చేయాలంటే గార్డియన్‌గా నియమించమని హైకోర్టుకు వెళ్ళాల్సిందే.

నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, అంతే. 2015 సవరణ తర్వాత ఇన్సూరెన్సు డబ్బు సొంతమయ్యేది తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతేనే. ఆ జాబితాలో మనం లేం. వీలునామా లేకపోతే ఆ డబ్బు వారసులకు అప్పజెప్పాలి.

అడ్డరోడ్డు:
పెళ్ళైనవాళ్ళకి ఒక్క సర్టిఫికెట్‌తో వచ్చేది మనం ఐదారు కాగితాలు పట్టుకుని అడుక్కోవాలా? లాయరు ఫీజు అందరూ కట్టగలరా? రేపు అన్నదమ్ములు కోర్టుకెక్కితే ఆ వీలునామా ఏళ్ళ తరబడి నలుగుతుంది. చట్టం మారాలని పోరాడదాం, ఈ అతుకులు వద్దు.

సిరాచుక్క:
చట్టం మారాల్సిందే, అందులో మీతో వాదన లేదు. కానీ అది వచ్చేలోపు ఆసుపత్రిలో పడేవాళ్ళు ఉంటారు. పైగా అన్నిటికీ లాయరు అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద మానసిక చికిత్స విషయంలో మన తరఫున నిలబడే మనిషిని, అంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ని, తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, బంధువే కానక్కర్లేదు. ఆఖరి దశ చికిత్స గురించిన లివింగ్ విల్‌కు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే సరి. మెజిస్ట్రేట్ సంతకం కావాలన్న షరతును 2023లో తీసేశారు.

వీలునామాకూ స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించుకోమనే నా సలహా. ఎవరి పేర ఆస్తి రాస్తున్నారో ఆ మనిషిని మాత్రం సాక్షిగా పెట్టకండి. కన్నవాళ్ళ ఊసే లేకుండా రాస్తే కోర్టుకు అనుమానం వస్తుంది. కాబట్టి ఇలా రాయండి: "మా అమ్మానాన్నలకు ఈ డిపాజిట్ ఇస్తున్నాను. నా స్వార్జితమైన ఇల్లు, నాతో కలిసి జీవిస్తున్న ఫలానా వారికి, ఎవరి బలవంతం లేకుండా, నా ఇష్టంతో ఇస్తున్నాను." ఈ రెండు వాక్యాలు కోర్టులో చాలా బరువు మోస్తాయి. ముస్లింలైతే వారసుల అంగీకారం లేకుండా మూడో వంతుకు మించి రాయడం కుదరదని గుర్తుంచుకోండి.

తొలకరి:
ఇల్లు ఇప్పుడే గిఫ్ట్ డీడ్‌గా రాసిచ్చేస్తే?

సిరాచుక్క:
తొందరపడకండి. ఆదాయపు పన్ను చట్టం లెక్కలో మీరిద్దరూ బంధువులు కారు. స్టాంపు డ్యూటీ విలువ, అంటే రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం లెక్కగట్టే విలువ, 50,000 రూపాయలు దాటిన గిఫ్టు, తీసుకున్నవారి ఆదాయమై పన్ను పడుతుంది. వీలునామాతో వచ్చే ఆస్తికి ఆ పన్ను లేదు. పైగా గిఫ్ట్ ఇచ్చాక మనసు మారితే వెనక్కి తీసుకోవడం కష్టం, వీలునామా ఎన్నిసార్లయినా తిరగరాసుకోవచ్చు.